కిటికీ అక్కకు కోపం వచ్చిన సంగతి

మా భవనంలో రెండో అంతస్తులో, మా గుమ్మానికి ఎదురుగా ఉండే ఆవిడను అందరూ కిటికీ అక్క అంటారు. ఆమె వడ్రంగి కాదు. ఆమె కిటికీలు కోసేది కోడిగుడ్లకు. ఇది వేళాకోళం అనుకునేరు, కానే కాదు. కొత్త మందులు కనిపెట్టే ఒక పెద్ద పరిశోధన సంస్థలో ఆమె ల్యాబ్ టెక్నీషియన్. అక్కడి కుర్ర పరిశోధకులు ముద్దుగా పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చి, ఇంట్లోనే స్థిరపడిపోయింది. చివరికి బస్సు డ్రైవరైన ఆమె భర్త కూడా, మంచి మూడ్‌లో ఉంటే, "ఏమండీ కిటికీ గారూ, కాఫీ ఏమైనా దొరుకుతుందా?" అంటాడు.

ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి నాకు చూపించింది. కోళ్ళఫారం నుంచి పిల్లయ్యే గుడ్లు అట్టల్లో వస్తాయి. వాటిని ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో పెడతారు. తల్లికోడి కడుపు కింద ఎంత వెచ్చదనం ఉంటుందో అందులోనూ అంతే ఉంటుంది. కొన్నాళ్ళకు ఒక్కో గుడ్డునూ చీకటి గదిలో చిన్న దీపం మీద పెట్టి చూస్తుంది. లోపల దారపు పోగుల్లా ఎర్రటి గీతలు కనిపిస్తే ప్రాణం పోసుకున్నట్టు. అప్పుడు సిరంజీతో కాస్త తెల్లసొన లాగేస్తుంది. దాంతో లోపలి పొర పెంకును వదిలి కిందికి జారుతుంది. పైన బొటనవేలి గోరంత చదరాన్ని సన్నటి కత్తెరతో కోసి తీసి, దాని మీద పారదర్శకమైన టేపు అంటిస్తుంది. అదీ కిటికీ. ఇంత చేసినా లోపలి పొరకు గీత పడకూడదు. పడిందా, ఆ గుడ్డు పోయినట్టే.

ఆ కిటికీలోంచి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. పెరిగే పిల్లకు ఊపిరి అందాలి కదా, అందుకని ఆ పొర నిండా రక్తనాళాలు అల్లుకుంటూ పోతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగై చీలుతాయి, చివరికి పొర మొత్తం ఎర్రటి అల్లిక అయిపోతుంది. మనిషి ఒంట్లో క్యాన్సర్ గడ్డ కూడా ఇదే పని చేస్తుందట. తనకు తిండి కావాలని కొత్త రక్తనాళాలను తన వైపు లాక్కుంటుంది. అందుకే పరిశోధకులు ఏదైనా పదార్థాన్ని చిన్న కాగితపు బిళ్ళకు పట్టించి ఆ పొర మీద పెడతారు. ఆ చుట్టూ కొత్త నాళాలు పుట్టడం ఆగిపోతే, గడ్డకు తిండి దొరక్కుండా చేసే గుణం దానిలో ఉందేమోనని ఆలోచన మొదలవుతుంది.

"ఏమోనని మాత్రమే!" అని ఆమె వేలు చూపించి మరీ చెప్పింది. "గుడ్డులో పనిచేసిన వాటిలో ఎన్నో ఎలుక దగ్గరే ఆగిపోతాయి. ఎలుకలో పనిచేసినవి మనిషి దగ్గర ఆగిపోతాయి. మాది గుమ్మం మాత్రమే, ఇల్లు కాదు."

ఇంత జాగ్రత్తగా మాట్లాడే మనిషి బావ దగ్గర మాత్రం కాస్త ఏమరుపాటుగా ఉండిపోయింది.

బావ అంటే ఆమె సొంత అక్క భర్త. మాటలతో మనిషిని కూర్చోబెట్టేసే రకం. నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు, నడుంనొప్పి బెల్టులు అమ్మాడు, కొన్నాళ్ళు నిద్రపట్టే దిండ్లు కూడా అమ్మాడు. ఏది అమ్మినా దాన్ని తన తల్లి తనకు చెవిలో చెప్పి పోయినంత నమ్మకంగా అమ్ముతాడు. ఒక ఆదివారం అందరూ భోజనాలకు చేరినప్పుడు, కిటికీ అక్క తన ఫోన్లో రెండు ఫోటోలు చూపించింది. ఒకదాంట్లో గుడ్డు నిండా రక్తనాళాల అల్లిక. రెండోదాంట్లో, సంస్థవాళ్ళు మొక్కల్లోంచి తీసి పరీక్షిస్తున్న పదార్థం పెట్టాక, అదే అల్లిక సగానికి సగం పలచబడిపోయి ఉంది. రెండింట్లోనూ గుడ్డును పట్టుకున్న ఆమె బొటనవేలు కనిపిస్తోంది.

"అబ్బ, ఏం పనితనం మరదలా!" అన్నాడు బావ. "ఇవి నాకు పంపవా? మా ఫ్రెండ్స్‌కి చూపించి, మా మరదలు సైంటిస్టు అని చెప్పుకుంటా."

"సైంటిస్టునేం కాదు బావా, టెక్నీషియన్ని."

"నాకు సైంటిస్టువే."

ఆ మాటకు పొంగిపోయి పంపింది. అక్కడితో ఆ విషయం మరిచిపోయింది.

మా భవనంలో కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. పిల్లలు బొత్తాల పిన్ని అంటారు. ఎవరి చొక్కాకు బొత్తం ఊడినా మెట్లు దిగేటప్పుడు ఆగి కుట్టించుకుని పోవడమే, అందుకని. ఒంటరి మనిషి. ఆ ఏడాది మొదట్లో ఆమె రొమ్ములో గడ్డ కనపడింది. పరీక్షలు చేసి క్యాన్సరే అన్నారు. మరీ ముదరలేదు, ఆపరేషన్ చేసేద్దాం అన్నారు. మేమందరం విన్నాం, బాధపడ్డాం, వంతులేసుకుని వంట చేసి పెడతామన్నాం. కానీ ఆపరేషన్ మాట ఎప్పుడడిగినా ఆవిడ "పెడతారు, పెడతారు" అని మిషను తొక్కుకునేది.

ఒక సాయంత్రం కిటికీ అక్క రవికె ఇవ్వడానికి వెళ్ళి నిలదీసింది. "పిన్నీ, ఇంకా డేటు ఇవ్వలేదా వాళ్ళు? నేనొచ్చి మాట్లాడనా?"

బొత్తాల పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వింది. "అక్కర్లేదమ్మాయ్. నువ్వు పరీక్ష చేసిన మందే వాడుతున్నా. తగ్గుతోంది కూడా."

"నేను పరీక్ష చేసిన మందా?"

"నీకు మొహమాటం ఎక్కువని, మీ ఇంటికొచ్చినప్పుడు మీ బావ ముందే చెప్పాడులే." పిన్ని మిషను సొరుగులోంచి ఒక డబ్బా తీసి చేతిలో పెట్టింది.

ఆకుపచ్చ డబ్బా. మీద పెద్ద అక్షరాలతో "గడ్డలను ఎండగట్టే చుక్కలు" అని ఉంది. కింద రెండు ఫోటోలు. ఒకదాని కింద "మందుకు ముందు", ఇంకోదాని కింద "మందు తరువాత". ఆ పక్కన "ప్రఖ్యాత ప్రయోగశాలలో నిరూపితం" అని ఉంది. ఫోటోల్లో గుడ్డును పట్టుకుని ఉన్నది ఆమె బొటనవేలే.

"ఎవరెన్ని చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు," అంది పిన్ని. "ఆ వేలు చూసే నమ్మా. నీ కొలతలు తీసుకున్నదాన్ని, నీ చెయ్యి నాకు తెలీదా?"

కిటికీ అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ డబ్బా పట్టుకుని, కాళ్ళకు చెప్పులున్నాయో లేవో చూసుకోకుండా, సరాసరి బావ దుకాణానికి నడిచింది.

దుకాణం బస్టాండు వెనక వీధిలో, రెండు సెల్‌ఫోన్ షాపుల మధ్య ఉంటుంది. కిటికీ అక్క సొంత అక్క కౌంటరు వెనక కూర్చుని సీసాలకు చీటీలు అంటిస్తోంది. బావ ఎవరికో ఫోన్లో చుక్కల మోతాదు చెబుతున్నాడు. చెల్లెలి మొహం చూడగానే అక్క చేతిలో చీటీ వంకరగా అంటుకుంది.

"ఏంటి బావా ఇది?" కిటికీ అక్క డబ్బాను కౌంటరు మీద కొట్టినట్టు పెట్టింది. "ఈ ఫోటోలకీ నీ చుక్కలకీ సంబంధం ఏంటి?"

"మెల్లగా, మరదలా, మెల్లగా. కస్టమర్లున్నారు."

"ఉంటే విననీ! ఈ సీసా మా ల్యాబు గుమ్మం తొక్కిందా ఎప్పుడైనా?"

"నువ్వే చెప్పావుగా, మొక్కల్లోంచి తీసిన పదార్థమని. ఇదీ మొక్కలే. ఫోటో నిజం, మందు నిజం. అబద్ధం ఎక్కడుందో చూపించు."

"రెండూ పక్కపక్కన పెట్టావు చూడు, అక్కడుంది!"

బావ నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. అక్క మాత్రం కౌంటరు దాటి వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళకి ఆయనకు ఒక పని కుదిరిందే. నీ ఫోటో వాడుకుంటే నీ సొమ్మేం పోయింది? ఇంటి విషయం ఇంట్లో మాట్లాడుకోవాలి గానీ, ఇలా బజార్లోకొచ్చి నన్ను పలచన చేస్తావా?"

"కింద వాటా పిన్ని ఆపరేషన్ మానుకుంది అక్కా! ఈ డబ్బా చూసి మానుకుంది! చచ్చిపోతుంది!"

"చావమని మేం చెప్పామా?" అన్నాడు బావ. "హాస్పిటల్‌కి వెళ్ళొద్దని డబ్బా మీద ఎక్కడైనా రాశానా? చూడు."

నిజమే, రాయలేదు. ఆ జాగ్రత్త చూసే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

మర్నాడు సంస్థలో పెద్ద సారును కలిసింది. గుడ్ల పరిశోధన మొత్తానికి ఆయనే అధిపతి. ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, ముందు అన్న మాట ఏమిటంటే, "ఫోటో బాగా వచ్చిందమ్మా, క్లియర్‌గా ఉంది."

"సార్, ఈ మందుకీ మనకీ సంబంధం లేదని సంస్థ తరఫున ఒక్క ప్రకటన ఇప్పించండి. పేపర్లో వేయిస్తాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మా, ప్రకటన ఇస్తే ఫోటో బయటికెలా వెళ్ళిందని అడుగుతారు. అది నీ మెడకే చుట్టుకుంటుంది. మన పేరు అందులో ఎక్కడా లేదు. 'ప్రఖ్యాత ప్రయోగశాల' అన్నాడు, అంతే. ఊరికే మనం మీద వేసుకోవడం ఎందుకు?"

"తప్పు నాదే సార్, ఫోటో నేనే పంపాను. నా మెడకు చుట్టుకుంటే చుట్టుకోనివ్వండి. జనం తాగుతున్నారు సార్!"

"ఎవరెవరో ఏదేదో తాగుతుంటారు. మన పని సైన్సు."

పోయిన ఏడాది ఇదే సారు విలేకరిని పిలిపించుకుని, గుడ్డు పక్కన నిలబడి ఫోటో దిగితే, పేపర్లో "క్యాన్సర్‌కు గుడ్డులో దొరికిన జవాబు" అని వేశారు. ఆ రోజు అది అతిశయం అని ఆయన ఎవరికీ ఫోన్ చేసి సరిచేయలేదు. ఆ పేపరు ముక్కకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నాడు. కిటికీ అక్క ఆ ఫ్రేము వంకా ఆయన వంకా చూసింది. "మీరు పేపర్లో అన్నది బావ డబ్బా మీద అన్నాడు సార్. అక్షరాలు కాస్త పెద్దవి, అంతే తేడా," అని వచ్చేసింది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని ఆమె భర్త నాతో చెప్పాడు. ఆ మూడు రోజులూ ఆయన కాఫీ ఆయనే పెట్టుకున్నాడట.

తరువాత ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే. మేమందరం కూడా అలాగే అనుకున్నాం.

ల్యాబులో ప్రయోగానికి ఎక్కువై మిగిలిన గుడ్లు మూడు అడిగి తెచ్చుకుని, వెచ్చటి తువాలులో చుట్టుకుని, శనివారం మధ్యాహ్నం, బావ దుకాణం ముందు జనం మూగే వేళకు వెళ్ళి నిలబడింది. నేనూ తోడు వెళ్ళాను. ఒక స్టూలు మీద గుడ్లు పెట్టి, టేపు తీసి, అందరినీ దగ్గరికి పిలిచింది.

"నేనే అండీ ఆ డబ్బా మీద వేలు!" అని బొటనవేలు ఎత్తి చూపింది. "ఈ చుక్కలు నేనెప్పుడూ పరీక్షించలేదు. ఇప్పుడు మీ ముందే పరీక్షిస్తాను."

మొదటి గుడ్డులో బావ చుక్కలు వేసింది. రెండో గుడ్డులో మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ ఒక్క చుక్క వేసింది. మూడో గుడ్డులో, ఆ చుక్కలు మనిషి ఒంట్లోకి వెళ్ళి రక్తంలో కలిస్తే ఎంత పలచనవుతాయో, నీళ్ళు కలిపి అంత పలచన చేసి వేసింది. జనం మెడలు సాచి చూశారు. కాసేపటికి మొదటి గుడ్డులో ఎర్రటి అల్లిక తెల్లగా పాలిపోయింది. రెండో గుడ్డులోనూ అంతే. మూడో గుడ్డులో నాళాలు చెక్కుచెదరకుండా ఎర్రగా కొట్టుకుంటున్నాయి.

"చూశారా? వాసనే చెబుతోంది, మొక్కలను ఘాటు సారాయిలో నానబెట్టి తీసిన చుక్కలివి. అది పొరను కాల్చేసింది. ఆసిడూ అదే చేసింది. కాల్చడం వైద్యం కాదు. ఒంట్లో పలచబడ్డాక అసలు ఏ పనీ చెయ్యదు. ఇక మీరే చెప్పండి!"

గుంపులో ఒక పెద్దాయన, చేతిసంచి చంకన పెట్టుకుని, చాలాసేపటి నుంచి మొదటి గుడ్డు వైపే చూస్తున్నాడు. "అమ్మా, మా కళ్ళ ముందే నరాలు ఎండిపోయాయి కదా?"

"ఎండలేదు, కాలిపోయాయి."

"ఏదో ఒకటి. పోయాయి కదా! ఆసిడంత పవరు ఉందన్నమాట. నాకు రెండు సీసాలు ఇవ్వండయ్యా."

"మరి మూడో గుడ్డు చూడండి!"

"నీళ్ళు కలిపితే ఏ మందైనా అంతేనమ్మా," అంది ఇంకొకామె. "నీళ్ళు కలపకుండా తాగాలి."

బావ అప్పటిదాకా కౌంటరు వెనకే ఉన్నాడు. ఇప్పుడు చేతులు జోడించి, "మా మరదలే అండీ, సొంత మరదలు, ల్యాబులో చేస్తుంది," అన్నాడు. ఆ పూట ఆ దుకాణంలో చుక్కలు మిగల్లేదు.

దారి పొడుగునా కిటికీ అక్క పళ్ళు నూరుకుంటూనే నడిచింది. "వాళ్ళకు కళ్ళు లేవా? బుర్రల్లేవా? చూపించాను కదా!" అంది. చూపించింది, వాళ్ళూ చూశారు. చావు భయం పట్టుకున్న మనిషి మూడు గుడ్లు ముందు పెడితే తనకు కావలసిన గుడ్డునే చూస్తాడని ఆమెకు అప్పుడు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరింది. బొత్తాల పిన్ని గుమ్మంలోనే ఎదురొచ్చింది. "అందరి ముందూ చేసి చూపించావటగా అమ్మాయ్!" అని మొహం వెలిగిపోతూ అడిగింది.

కిటికీ అక్క అక్కడే మెట్టు మీద కూలబడింది. ఏడ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది. "పిన్నీ, ఆ వేలు నాదే. కానీ ఆ సీసాను నేను ముట్టలేదు. మా బావ నన్ను అడ్డం పెట్టుకుని నీ చెవిలో పువ్వు పెట్టాడు. నీకు గడ్డ పెరుగుతోంది. నీకూ తెలుసు. తెలిసే తగ్గుతోందంటున్నావు. ఎందుకు? నాకొక్కటే చెప్పు, ఎందుకు?"

బొత్తాల పిన్ని మొహం మారిపోయింది. ఆమెకు కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం.

"ఎందుకా? ఇన్నాళ్ళకు అడిగావా ఆ మాట? మీరంతా డేటు ఎప్పుడు, డేటు ఎప్పుడు అని తినేశారే గానీ, ఎందుకు వెళ్ళట్లేదని ఒక్కరైనా అడిగారా? చంకలో గ్రంథులు కూడా తీసేస్తారట. చెయ్యి వాచిపోవచ్చట. ఎత్తలేకపోవచ్చట. కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు గబగబా చదివేసింది ఆ నర్సు. నాకు ఉన్నదే ఈ చెయ్యి! ఇది లేస్తేనే కత్తెర లేస్తుంది, కత్తెర లేస్తేనే పొయ్యి వెలుగుతుంది. బతికి, చెయ్యి చచ్చిపోతే, నన్ను ఎవరు సాకుతారు? మీరా? వంతులేసుకునా?"

గడ్డ గురించి భయం అనుకున్నాం. క్యాన్సర్ అనే మాటంటే భయం అనుకున్నాం. ఆవిడ లెక్క వేరు. ఆ లెక్క ఆసుపత్రిలో ఎవరికీ పట్టలేదు, మాకూ పట్టలేదు. బావ ఒక్కడే ఆమె దగ్గర కూర్చుని, "చేతికేం కాదు పిన్నీ, కత్తి పడదు," అన్నాడు. ఆవిడ కొనుక్కున్నది ఆ ఒక్క మాటనే.

సోమవారం కిటికీ అక్క సెలవు పెట్టింది. పిన్నిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. సర్జన్ హడావిడి మనిషి, చూపు గడియారం మీదే ఉంది. కిటికీ అక్క తలుపు దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. "డాక్టర్ గారూ, ఈవిడ కుట్టుపని మనిషి. చెయ్యి సంగతి పూర్తిగా చెప్పేదాకా ఇక్కణ్ణుంచి లేవం. బయటవాళ్ళను కాస్త ఆగమనండి."

ఆయన చిరాకుపడ్డాడు. తరువాత పిన్ని చేతి వైపు చూశాడు, చూపుడువేలి మీద సూది పొడిచిన గుర్తుల వైపు చూశాడు. అప్పుడు చెప్పాడు. కొన్ని గ్రంథులే తీసి పరీక్షిస్తామనీ, వాటిలో ఏమీ లేకపోతే మిగతావి ముట్టుకోమనీ, చెయ్యి కొన్నాళ్ళు బిగుసుకుంటుందనీ, వ్యాయామాలు నేర్పిస్తామనీ, వాపు రాదని మాత్రం మాట ఇవ్వలేననీ. ఆ ఆఖరి మాట వింటూనే పిన్ని తలెత్తింది.

"ఇదే కదయ్యా నాకు కావలసింది. రాదని మాట ఇచ్చినవాడి దగ్గర నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. ఎప్పుడు రమ్మంటారు?"

ఆపరేషన్ అయింది. ఆలస్యం చేసినందుకు గడ్డ పెరిగింది, మొదట అనుకున్న దానికంటే ఎక్కువే తీయాల్సి వచ్చింది. తరువాత మందులూ రేడియేషనూ తప్పలేదు. చెయ్యి మొదట్లో భుజం దాటి లేవలేదు, ఇప్పుడు లేస్తుంది. పరదాల్లాంటి బరువు కుట్లు మానేసి, చంటిపిల్లల గౌన్లు కుడుతోంది. ముందరి రోజులే బాగున్నాయని అప్పుడప్పుడు విసుక్కుంటుంది కూడా.

కిటికీ అక్క ఊరుకోలేదు. భర్తను వెంటబెట్టుకుని మందుల తనిఖీ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. ఫోటో తను పంపిందేనని అందులో తానే చెప్పింది. దానికి సంస్థ ఆమెకు హెచ్చరిక ఇచ్చింది. పెద్ద సారుకు ఏ హెచ్చరికా రాలేదు, ఆయన గోడ మీద ఫ్రేము అలాగే ఉంది. తనిఖీవాళ్ళు వచ్చి బావ డబ్బాలు పట్టుకుపోయారు. దుకాణం కొన్నాళ్ళు మూతపడింది. మళ్ళీ తెరిచినప్పుడు డబ్బా నీలం రంగులో ఉంది, ఫోటోలు లేవు, "ఆరోగ్య పానీయం" అని ఉంది. మందు కాదు కాబట్టి తమ కిందికి రాదన్నారు ఆఫీసువాళ్ళు.

సొంత అక్క ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు. మొన్నామధ్య ఫోన్ చేసింది. కిటికీ అక్క అప్పుడు మా ఇంట్లోనే ఉంది, స్పీకరు పెట్టింది. బావకు కడుపులో పుండు అట, పెద్ద డాక్టరు దగ్గర చూపిస్తున్నారట, మాత్రలు వాడుతున్నాడట.

"కడుపులో పుండుకి కూడా పనిచేస్తుందని కొనేవాళ్ళకు బావే చెబుతాడుగా అక్కా. అదే తాగించకపోయావా?"



"అది తాగితే కడుపు మండుతుందటే," అంది అక్క, చిన్న గొంతుతో.

కిటికీ అక్క ఫోను చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. నవ్వాలో అరవాలో తెలియని చూపు. చివరికి అరిచింది. "మరి ఊళ్ళోవాళ్ళ కడుపులు కడుపులు కావా? ఆ మాట ఆఫీసుకొచ్చి చెప్తావా? చెప్తావా లేదా?"

అక్క చెప్పలేదు. కానీ ఆ తరువాత దుకాణంలో కూర్చోవడం, సీసాలకు చీటీలు అంటించడం మానేసింది. అంతకు మించి ఏదో జరిగిందని రాస్తే అది అబద్ధం. నీలం డబ్బాలు ఇప్పుడు ఇంకో రెండు వీధుల్లో కూడా దొరుకుతున్నాయి. కిటికీ అక్క ఆ వీధుల్లోకి వెళ్ళిన ప్రతిసారీ కౌంటరు దగ్గర నిలబడి, కొనేవాళ్ళను ఒక్కటే అడుగుతుంది: డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళడం లేదు, ఏం భయం? కొందరు కసురుకుంటారు. కొందరు చెబుతారు. చెప్పినవాళ్ళతో ఆమె ఆసుపత్రి దాకా నడుస్తుంది, దారంతా బావను తిడుతూనే.